యాభై అయిదేళ్లు ఆలస్యమైన తీర్పు

స్విట్జర్లాండ్‌లోని సెయింట్ గాలెన్‌లో పౌల్ గ్రూనింగర్ అనే పోలీసు అధిపతి ఉండేవారు. 1938 మార్చిలో హిట్లర్ ఆస్ట్రియాను కలిపేసుకోవడంతో అక్కడి యూదులు ప్రాణాలు అరచేత పట్టుకుని సరిహద్దు దాటసాగారు. ఆగస్టులో స్విస్ ప్రభుత్వం ఆ దారి మూసేసింది. గ్రూనింగర్ మాత్రం వచ్చినవాళ్లను వెనక్కి పంపలేదు. నిషేధానికి ముందే వచ్చినట్టు కాగితాల మీద పాత తేదీలు వేయించారు. వందలాది మంది బతికి బయటపడ్డారు. ఆయన ఉద్యోగం 1939లో పోయింది, పింఛనూ పోయింది. 1940లో కోర్టు దోషిగా తేల్చి 300 ఫ్రాంకుల జరిమానా వేసింది.

పోలీసు అధికారే దొంగ తేదీలు వేస్తే ఇక చట్టానికి విలువేముంటుందని అడిగేవారుంటారు. ఆ ప్రశ్నను మేం తేలిగ్గా తీసుకోవడం లేదు. మనసుకు తోచినట్టు రికార్డులు దిద్దే అధికారులు మన దగ్గరా తక్కువేం కాదు. అయితే అలాంటి దిద్దుబాట్లలో లాభం దిద్దినవాడిది, నష్టం జనానిది. గ్రూనింగర్ విషయంలో ఇది తారుమారైంది. 1917లో చంపారన్‌లో ప్రభుత్వ ఆజ్ఞను ధిక్కరించానని గాంధీజీ మోతీహారి కోర్టులో బాహాటంగానే ఒప్పుకున్నారు. గ్రూనింగర్‌కు ఆ వీలు లేదు. ముందే చాటి ఉంటే శరణార్థులే పట్టుబడేవారు. అందుకే ఆ గోప్యతను పిరికితనం అనలేం. ఆ తర్వాత కూడా చేసిన పనికి ఆయన ఏనాడూ క్షమాపణ చెప్పుకోలేదు. అధికారంలోకి రాగానే సొంత పార్టీ వాళ్ల మీద కేసులు ఎత్తేయించుకునే మన నాయకులు ఈ తేడా గమనించాలి.

చట్టం ఆయన్ను శిక్షించడం కన్నా, యుద్ధం ముగిశాక కూడా ఆ శిక్షను అలాగే ఉంచడమే మాకు పెద్ద తప్పుగా కనిపిస్తోంది. నాజీల మారణకాండ ప్రపంచానికంతా తెలిశాక సెయింట్ గాలెన్ అధికారులకు ఇక ఏ సందేహం మిగిలింది? అయినా స్థిరమైన ఉద్యోగం దొరక్క ఆయన పేదరికంలోనే గడిపి 1972లో కన్నుమూశారు. కేసు తిరగదోడి కోర్టు ఆయన్ను నిర్దోషిగా ప్రకటించింది 1995లో. శరణార్థులకు సాయపడినందుకు పడిన శిక్షలన్నిటినీ రద్దుచేసే చట్టం 2004లో గానీ అక్కడ అమల్లోకి రాలేదు. గ్రూనింగర్ బతికుండగా, 1945 తర్వాత ఏ ఏడాదైనా ఆ పని చేసి ఉండొచ్చు.