మ్యాచ్ రోజు పొద్దున కాదు, జూన్‌లోనే అడగండి కాగితాలు

మొన్న ఆదివారం పొద్దున ఏడున్నర. గ్రౌండ్ పక్కన వేపచెట్టు కింద టేబుల్ వేశారు. అండర్ 14 ఫుట్‌బాల్ మ్యాచ్. మా లెఫ్ట్ వింగ్ పిలగాడు షిన్ గార్డులు కట్టుకుని లైన్లో నిలబడ్డాడు. టేబుల్ దగ్గరి పెద్దమనిషి వాడి ఆధార్ చూశాడు, స్కూల్ బోనఫైడ్ చూశాడు. "బర్త్ సర్టిఫికెట్ ఏది?" లేదు. "అయితే ఆడనియ్యం."

వాడు ఏడవలేదు. కింద కూర్చుని లేసులు విప్పాడు. బూట్లు రిజర్వ్‌లో ఉన్నవాడికి ఇయ్యాలి కదా, మా దగ్గర ఉన్నవే పదమూడు జతలు. వాడి జాగాలో ఆడినవాడికి ఆ బూట్లు వదులైతే ముందు పేపర్ కుక్కినం.

అవతలి టీం గోల్‌కీపర్‌కు గడ్డం గీసుకున్న పచ్చదనం కనపడుతోంది. వాడి సర్టిఫికెట్ మాత్రం పక్కాగా ఉంది, ముద్రతో సహా. నేను నోరు మూసుకున్నా. ముఖం చూసి వయసు చెప్పడానికి మనమెవరం?

ఆ పెద్దమనిషిది తప్పని నేను అనను. ఆధార్ వయసుకు రుజువు కాదని 2024 అక్టోబర్‌లో సుప్రీంకోర్టే ఒక యాక్సిడెంట్ పరిహారం కేసులో చెప్పింది. రూల్ రూలే. నా కోపం ఆ రూల్ మాకు ఎప్పుడు గుర్తుకొస్తదన్న దాని మీద. పిల్లలు సాక్సులు వేసుకున్నాక గుర్తుకొస్తది!

ఈ పిలగాడిది కోయిలకొండ వైపు ఊరు. అమ్మానాన్న పుణె దగ్గర బిల్డింగ్ పనికి పోయారు, వాడు అక్కడే సైట్ దగ్గర పుట్టాడు. పాలమూరులో ఇది కొత్త ముచ్చట కాదు. జనన మరణాల చట్టం 1969 నాటిది. 21 రోజుల్లో చెప్తే ఉత్తగనే రాసుకుంటారు. 30 రోజులు దాటితే ఫీజు, అనుమతి. ఏడాది దాటితే మేజిస్ట్రేట్ స్థాయి ఆర్డర్ కావాలి. అసలు మెలిక ఇంకొకటి ఉంది. పుట్టుక ఎక్కడ జరిగిందో అక్కడి రిజిస్ట్రారే నమోదు చెయ్యాలి. అంటే మహబూబ్‌నగర్ మీసేవలో ఎంతసేపు నిలబడ్డా లాభం లేదు, పుణె పోవాల్సిందే. రోజు కూలి పోగొట్టుకుని, మరాఠీ ఆఫీసులో, ఇన్నేండ్ల కిందటి పుట్టుకకు!

బడిలో వేసేటప్పుడు ఎవరో ఒక తేదీ రాశారు, జూన్ 1 అని. మా టీంలో నలుగురికి అదే పుట్టినరోజు, కేక్ ఒక్కటే కోస్తాం. వాడి అవ్వను అడిగితే "బతుకమ్మ పండుగ అయినంక నాలుగో దినం పుట్టిండు, నేను గాడనే ఉన్న" అంటది. అంటే కాగితం మీద వాడు అసలు కంటే నాలుగు నెలలు పెద్దోడు. మోసం చేసేవాడు వయసు పెంచుకుంటడా చెప్పండి?

ఇంకొకడికి బర్త్ సర్టిఫికెట్ ఉంది, అందులో పేరు లేదు! ఉత్త "మగ శిశువు". పదిహేనేండ్లలోపు పేరు చేర్పించుకోవచ్చని వాళ్ల నాన్నకు తెలియదు, మూడేండ్లు నాకూ తెలియదు. ఇంటిపేరు గొడవ మరొకటి. బడిలో పొడి అక్షరం, ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు, సర్టిఫికెట్లో అసలు ఇంటిపేరే లేదు. ఆల్ ఇండియా ఫుట్‌బాల్ ఫెడరేషన్ ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్‌లో ఒక పేరు, మనం ఇచ్చే టీం లిస్టులో ఒక పేరు ఉంటే ఇద్దరు మనుషులనుకుంటారు మరి.

"బొక్కల టెస్టు చేపిస్తే అయిపాయె" అని ఒక సార్ అన్నాడు. ఎడమ చేతి మణికట్టు ఎక్స్‌రే తీసి ఒక్కో ఎముక ఎదుగుదలకు పాయింట్లు వేసే పద్ధతి ఉంది, టీడబ్ల్యూ3 అంటారు. వచ్చేది అంచనానే, పుట్టిన తేదీ కాదు. ఫిఫా 2009 అండర్ 17 వరల్డ్ కప్ నుంచి మణికట్టుకు ఎంఆర్ఐ తీస్తోంది. ఎముక చివర పూర్తిగా అతుక్కుపోయి ఉంటే పదిహేడు దాటినట్టే లెక్క. అది పదిహేడుకు పనికొస్తది. పద్నాలుగా పదిహేనా అని తేల్చమంటే అది చేతులెత్తేస్తది. ఒకేతీరు తిండి లేని పిల్లల ఎముకలు ఒకేతీరు ఎదగవు కూడా.

నేనేమీ శుద్ధపూసను కాను. తొంభైలలో మండల స్థాయి ఆటల్లో మా పీఈటీ సార్ నన్ను ఇంకొక పిలగాడి పేరుతో ఆడించాడు. గోల్ కొట్టినంక మైకులో వాడి పేరు చెప్తుంటే నేను కూడా చప్పట్లు కొట్టిన, ఎవడో అనుకొని. అందరూ నవ్విండ్రు. ఆ సర్టిఫికెట్ ఇప్పటికీ వాడింట్లనే ఉంది. ఆ సార్‌ను ఎవరూ ఏమీ అనలేదు. ఇప్పుడు కూడా అంతే. దొరికితే పిలగాడిని పంపించేస్తారు, కాగితం చేయించిన కోచ్ వచ్చే ఏడు ఇంకో టీంతో దిగుతడు. నన్నడిగితే ముందు ఆ కోచ్‌ను రెండేండ్లు గ్రౌండ్ బయట కూర్చోబెట్టాలి.

జూన్ 12న బడులు తెరుస్తారు. ఆ నెలలోనే ఆడే పిల్లల ఒరిజినళ్లు చూడండి. లేనోళ్లను అప్పుడే మీసేవకో, పుట్టిన ఊరి ఆఫీసుకో పంపండి, ఎదురుచూసే టైం ఉంటది. ఆటగాళ్ల లిస్టు గ్రౌండ్ గోడ మీద అంటించి, అనుమానం ఉన్నోళ్లు ఫలానా తేదీలోపు చెప్పమనండి. ఆ తర్వాత లేచిన అభ్యంతరం మ్యాచ్ అయ్యాకే వినాలి. ఓడిపోతామనిపించినప్పుడు లేచే అనుమానాలు చాలా చూశాను నేను. వలస పిల్లలకు ఒక సీజన్ గడువు ఇచ్చి, బడి అడ్మిషన్ రిజిస్టర్ ఆధారంగా ఆడనిస్తే ఏం పోతది? 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టినోళ్లకు బడిలో చేరాలన్నా జనన ధ్రువపత్రమే చూపాలి, రేపు వాళ్లకు ఈ లొల్లి ఉండకపోవచ్చు. ఇప్పుడు ఆడుతున్నది అంతకుముందు పుట్టినోళ్లు.

రాత్రి ఆ లెఫ్ట్ వింగ్ పిలగాడి నాన్నకు ఫోన్ చేసిన. "ఏ దవాఖానల పుట్టిండు అన్నా?" అంటే "దవాఖాన యాడిది సారూ, రేకుల షెడ్డుల పుట్టిండు" అన్నాడు. అంటే అక్కడ ఏ రికార్డూ లేదు. అఫిడవిట్ రాయించాలి, చూసిన సాక్షి కావాలి. ఉన్న సాక్షి అవ్వ ఒక్కతే. పుణె దాకా బస్సులో పోవాలె అవ్వా, రాత్రంతా కూసోవాలె, నడుము పట్టుకుంటదేమో అని చెప్పిన. చార్జీ సంగతి కూడా అడగలేదామె.

"పోయొస్తే ఎప్పటి సంది ఆడనిస్తరు సారూ?"