కండువాతో పాటే మారే న్యాయం

మెడలో ఒక కండువా తీసి మరొకటి కప్పడానికి అర నిమిషం చాలు. ముఖ్యమంత్రి పక్కన నిలబడి ఎమ్మెల్యే కొత్త కండువాతో నవ్వుతారు, ఆ ఫొటోలు సాయంత్రానికి ఊరూరా ఫోన్లలో తిరుగుతాయి, మర్నాటి పత్రికల్లో 'నియోజకవర్గ అభివృద్ధి కోసమే' అన్న పాత మాట మళ్లీ అచ్చవుతుంది. తీరా అనర్హత పిటిషన్ మీద స్పీకర్ నోటీసు వచ్చాక, అదే ఎమ్మెల్యే తాను పార్టీ మారనే లేదని, ముఖ్యమంత్రిని కలిసింది నియోజకవర్గం పనుల మీదేనని జవాబు రాస్తారు. 2024లో తెలంగాణలో బీఆర్ఎస్ నుంచి కాంగ్రెస్ వైపు వెళ్లిన పదిమంది ఎమ్మెల్యేల్లో పలువురు చెప్పింది ఇదే. లక్షల మంది చూసిన దృశ్యాన్ని జరగలేదని రాతపూర్వకంగా చెప్పగల ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవాలంటే ముందు చట్టంలోని లెక్క చూడాలి.

1967లో హర్యానాలో గయాలాల్ అనే ఎమ్మెల్యే పక్షం రోజుల్లో మూడుసార్లు పార్టీ మారిన నాటి నుంచి ఫిరాయింపు ఈ దేశంలో జాతీయ సమస్యే. 1985లో 52వ రాజ్యాంగ సవరణతో పదో షెడ్యూల్, అంటే ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చింది. అందులో మూడో వంతు సభ్యులు చీలిపోతే తప్పులేదన్న వెసులుబాటును 2003లో 91వ సవరణ తొలగించింది. ఇప్పుడు మిగిలింది విలీనం ఒక్కటే, దానికి శాసనసభాపక్షంలో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకోవాలి. 2023 ఎన్నికల్లో బీఆర్ఎస్ గెలిచింది 39 స్థానాలు. విలీనమని చెప్పుకోవాలంటే 26 మంది కావాలి, వెళ్లింది పదిమంది. విలీనం దారి మూసుకుపోయింది కనుక, 'మేం ఇంకా బీఆర్ఎస్‌లోనే ఉన్నాం' అనడం తప్ప వారికి వేరే దారి లేదు. ఖైరతాబాద్ నుంచి బీఆర్ఎస్ తరఫున గెలిచిన దానం నాగేందర్, ఆ ఎమ్మెల్యే పదవికి రాజీనామా చేయకుండానే 2024 లోక్‌సభ ఎన్నికల్లో సికింద్రాబాద్ నుంచి కాంగ్రెస్ బీ-ఫారం మీద పోటీ చేశారు. చేతి గుర్తు మీద ఓట్లడిగిన మనిషి ఏ పార్టీ వాడో తేల్చడానికి ఎన్ని నెలల విచారణ కావాలి?

శాసనసభలో ప్రజా పద్దుల కమిటీ అధ్యక్ష పదవిని ప్రతిపక్షానికి ఇవ్వడం ఆనవాయితీ. ప్రభుత్వం పెట్టిన ఖర్చును ప్రతిపక్షం కళ్లతో తనిఖీ చేయించాలన్నది దాని ఉద్దేశం. 2024 జూలైలో ముఖ్యమంత్రి సమక్షంలో కాంగ్రెస్‌లో చేరిన శేరిలింగంపల్లి ఎమ్మెల్యే అరెకపూడి గాంధీకి సెప్టెంబరులో ఆ పదవి దక్కింది. అడిగిన వారికి, ఆయన రికార్డుల ప్రకారం బీఆర్ఎస్ సభ్యుడేనన్న సమాధానం వచ్చింది. రెండు పార్టీల ఎమ్మెల్యేలు సవాళ్లు విసురుకుని, ఇళ్ల మీదికి వెళ్లి, పోలీసులు అడ్డుపడేదాకా ఆ గొడవ సాగింది. నాకు ఆ రభస కన్నా బాధ కలిగించింది ఆనవాయితీ వెనకున్న ఉద్దేశం చచ్చిపోవడం. ఖజానా లెక్క చూడవలసిన కుర్చీ, అధికార పక్షం కండువా కప్పిన మనిషికి ప్రతిపక్షం పేరు మీద వెళ్లిపోయింది.

అదే ఏడాది ఏప్రిల్ 5న కాంగ్రెస్ తన లోక్‌సభ ఎన్నికల ప్రణాళికను ఢిల్లీలో విడుదల చేసింది. ఏ పార్టీ తరఫున గెలిచారో ఆ పార్టీని వదిలిన ఎంపీ, ఎమ్మెల్యేల సభ్యత్వం దానంతట అదే రద్దయ్యేలా పదో షెడ్యూల్‌ను సవరిస్తామన్నది అందులోని హామీ. మంచి హామీ. మర్నాడు హైదరాబాద్ శివార్లలోని తుక్కుగూడలో జరిగిన భారీ సభలో రాహుల్ గాంధీ ఆ ప్రణాళికను తెలుగు ప్రజల ముందు పెట్టారు. ఆ మర్నాడు, ఏప్రిల్ 7న, బీఆర్ఎస్ నుంచి గెలిచిన భద్రాచలం ఎమ్మెల్యే కాంగ్రెస్ కండువా కప్పుకున్నారు. హామీ ఇచ్చిన చేతులూ కండువా కప్పిన చేతులూ ఒకే పార్టీవి, నడుమ ఒక్క రాత్రి.

బీఆర్ఎస్ ఇప్పుడు రాజ్యాంగం గురించి ఆవేదన చెందుతోంది. ఆ ఆవేదనలో న్యాయముంది, కానీ గురివింద గింజకు తన కింద నలుపు కనపడదు. 2014లో తెలుగుదేశం తరఫున సనత్‌నగర్‌లో గెలిచిన తలసాని శ్రీనివాస్ యాదవ్‌ను ఆ ఏడాది డిసెంబరులోనే మంత్రిని చేసింది ఆ పార్టీయే. 2016లో తెలుగుదేశం శాసనసభాపక్షాన్ని తనలో కలిపేసుకుంది. 2018 ఎన్నికల్లో 88 స్థానాలు గెలిచి, ఇంకెవరి అవసరమూ లేని స్థితిలో కూడా, 2019 జూన్‌లో కాంగ్రెస్‌కు మిగిలిన 18 మందిలో సరిగ్గా 12 మందిని లాక్కుంది. మూడింట రెండు వంతులంటే పన్నెండే. అంత కచ్చితంగా కుదిరిన లెక్కకు సిద్ధాంతమనే పేరు పెట్టడం నా వల్ల కాదు. ఆ దెబ్బతో ప్రతిపక్ష నేత హోదా కోల్పోయిన భట్టి విక్రమార్క ఇందిరా పార్కు దగ్గర ఆమరణ దీక్షకు కూర్చుంటే, పోలీసులు నిమ్స్ ఆసుపత్రికి తరలించారు. ఆయన ఇప్పటి ఉప ముఖ్యమంత్రి. నాడు ఆ విలీనాన్ని ఆమోదించిన స్పీకర్ పోచారం శ్రీనివాసరెడ్డి. 2024 జూన్‌లో ముఖ్యమంత్రే స్వయంగా తన ఇంటికి వచ్చి కండువా కప్పగా కాంగ్రెస్‌లో చేరిన పోచారం, ఆ పదిమందిలో ఒకరు. ఆ పదిమంది మీద సుప్రీంకోర్టుకెక్కిన బీఆర్ఎస్ ఎమ్మెల్యేల్లో 2014లో తెలుగుదేశం తరఫున గెలిచి నడుమ టీఆర్ఎస్‌లోకి (బీఆర్ఎస్ పాత పేరు) మారినవారూ ఉన్నారు.

ఆంధ్రప్రదేశ్ ఈ విషయంలో ఒక్క మెట్టు కూడా పైన లేదు. తలసాని మంత్రి పదవిని తప్పుపట్టిన తెలుగుదేశం, 2014-19 నడుమ వైఎస్సార్ కాంగ్రెస్ నుంచి 23 మంది ఎమ్మెల్యేలను చేర్చుకుని, వారిలో నలుగురిని 2017 ఏప్రిల్‌లో మంత్రులను చేసింది. 2019లో ముఖ్యమంత్రి అయిన జగన్మోహన్ రెడ్డి, తమ వైపు రావాలంటే పదవికి రాజీనామా చేసి రావాలని తొలి సమావేశాల్లోనే సభలో ప్రకటించారు. విన్నవాళ్లం సంతోషించాం. తర్వాత నలుగురు తెలుగుదేశం ఎమ్మెల్యేలు రాజీనామా చేయకుండానే, కండువా కప్పుకోకుండానే ఆయన పక్షాన నిలిచారు. కండువా లేకపోతే ఫిరాయింపు కాదన్నది అక్కడ కనిపెట్టిన కొత్త సూత్రం. 2019 జూన్‌లోనే తెలుగుదేశం రాజ్యసభ సభ్యులు ఆరుగురిలో నలుగురిని భారతీయ జనతా పార్టీ విలీనం పేరిట కలుపుకుంది.

ఇన్నేళ్లుగా ఇది సాగడానికి మొదటి కారణం తీర్పరి స్థానం. ఫిరాయించిన సభ్యుడి మీద నిర్ణయం తీసుకోవలసింది స్పీకర్, ఆ స్పీకర్ కుర్చీ నిలిచేది సభలోని మెజారిటీ మీద. 1992లో కిహోటో హోలోహన్ కేసులో సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు ఈ ఏర్పాటును సమర్థించినా, విభేదించిన ఇద్దరు న్యాయమూర్తులు సరిగ్గా ఈ ప్రమాదాన్నే ఎత్తిచూపారు. 2020లో మణిపూర్ కేసులో అదే కోర్టు, మామూలుగా మూడు నెలల్లో తేల్చాలని చెప్పి, స్పీకర్‌కు బదులు స్వతంత్ర ట్రిబ్యునల్ గురించి ఆలోచించమని పార్లమెంటును కోరింది. 2025 జూలై 31న తెలంగాణ కేసులో జస్టిస్ గవాయ్, జస్టిస్ మసీహ్‌ల ధర్మాసనం 'ఆపరేషన్ విజయవంతం, రోగి మృతి' అన్న పరిస్థితి రానివ్వకూడదంటూ మళ్లీ మూడు నెలల గడువు పెట్టవలసి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో నాటి స్పీకర్ రెండు పార్టీలకు చెందిన ఎనిమిది మందిని అనర్హులుగా ప్రకటించింది 2024 ఫిబ్రవరి చివర్లో, ఎన్నికల షెడ్యూల్‌కు సుమారు మూడు వారాల ముందు. ఆ పదవులు ఎలాగూ ముగిసిపోతున్నాయి.

స్పీకర్లను తప్పుపట్టడం తేలిక. రెండో కారణం మనం. మన పార్టీలోకి వచ్చినప్పుడు దాన్ని చేరిక అంటాం, మన పార్టీ నుంచి పోయినప్పుడు ద్రోహం అంటాం. టీవీ చర్చలో నాయకుడు మాట మార్చడానికి కాస్తయినా ఇబ్బంది పడతాడేమో గానీ, అతని అభిమాని ఇబ్బంది పడడు. 'వాళ్లు చేసినప్పుడు ఎక్కడికి పోయావు' అన్న ఒక్క ప్రశ్నతో నేటి తప్పుకు నిన్నటి తప్పును జామీను పెడతాడు. ప్రతి పార్టీ దగ్గరా ఎదుటి పార్టీ చేసిన తప్పు సిద్ధంగా ఉంటుంది కాబట్టి, ఈ లెక్కన ఎవరూ ఎప్పటికీ దోషులు కారు. ఓటు ఒక గుర్తు మీద వేసి, ఆ ఓటును మరో పార్టీకి తీసుకుపోయిన మనిషిని నిలదీయకుండా, ఆ మనిషి కోసం పక్కింటివాడితో పోట్లాడటం కన్నా తెలివితక్కువ పని నాకు కనపడదు.

ఈ మాట అనుభవం మీద అంటున్నాను. 2018 డిసెంబరు పోలింగ్ రోజున మా ఊరి బడి గేటు ముందు ఇద్దరు దాయాదులు ఓటరు చీటీల దగ్గర మాటా మాటా పెంచుకుని, కాలర్లు పట్టుకుని, చివరికి ఒకరి తల పగిలేదాకా వెళ్లారు. ఒకరు చేతి గుర్తు, ఒకరు కారు గుర్తు. రెండు వైపులా కేసులు పెట్టుకున్నారు. ఆ మరుసటి వేసవిలో ఒకరి తండ్రి చనిపోతే రెండోవారు గడప తొక్కలేదు, పాడె మోయడానికీ రాలేదు. కొన్ని వారాలకే, చేతి గుర్తు మీద గెలిచిన ఎమ్మెల్యే కారెక్కారు. ఆయన వెంట చేతి గుర్తు మనిషీ వెళ్లాడు. పంద్రాగస్టుకు ఊరి మధ్య కట్టిన ఫ్లెక్సీ మీద ఎమ్మెల్యే ఫొటో కింద దాయాదులిద్దరి ఫొటోలూ పక్కపక్కనే అచ్చయ్యాయి. ఆ ఫ్లెక్సీ కింద నుంచే ఇద్దరూ వేర్వేరు ఆటోల్లో వాయిదాకు కోర్టుకు వెళ్లడం నేను చూశాను.