గ్రానైట్ కోరు ముక్క గారికి బహిరంగ లేఖ

మ.రా.రా.శ్రీ అనంతపురం గ్రానైట్ కోరు ముక్క గారి సముఖానికి,

బండలోంచి స్తంభంలా తొలిచి తీసిన నమూనా తమరు: ఒకటిన్నర అంగుళం లావు, మూడంగుళాల పొడవు, నున్నగా కోసిన రెండు కొసలు. తమరి పారగమ్యత (నీటిని పోనిచ్చే గుణం) 10⁻¹⁹ చదరపు మీటర్లని, అంటే నీటిచుక్కను కదలనివ్వరని, ప్రయోగశాల ధ్రువపత్రం ఇచ్చింది. సంతోషం. కానీ ఇదే బండలో బోరు వేస్తే వందల అడుగులు ఉత్త దుమ్మే లేచి, ఒక్క పగులు తగలగానే రెండించుల నీళ్ళు పడతాయి. అవి తమరి అనుమతి తీసుకున్నట్టు లేదు.

కిటుకు తమరి ఎంపికలోనే ఉంది. పగులున్న ముక్క రంపం కిందే విరిగిపోతుంది, విరగనిదే యంత్రం దాకా వస్తుంది. తప్పినవాళ్ళ పేర్లు కొట్టేసి నూటికి నూరు పాసని బోర్డు పెట్టినట్టు.

మరి కిలోమీటర్ల లోతు రాయి సంగతి ఎవరినడగాలి? భూకంపాలను. లోతైన బావిలోకి నీళ్ళు ఎక్కిస్తే ఆ ఒత్తిడి పగుళ్ళ వెంట పాకుతుంది. జారడానికి సిద్ధంగా ఉన్న పగులు బిగువు సడలి కదులుతుంది. ఆ చిన్న కంపం మనకు తెలియదు, నేల కదలికను పసిగట్టే జియోఫోనుకు తెలుస్తుంది. ప్రతి కంపానికీ రెండు లెక్కలు చాలు: నీళ్ళు ఎక్కించడం మొదలయ్యాక ఎంతసేపటికి, నీళ్ళు దిగే చోటికి ఎంత దూరంలో. చుక్కలన్నీ గ్రాఫు మీద పెట్టి పై అంచు గీయాలి. ఆ అంచు కాలపు వర్గమూలం లెక్కన పెరుగుతుంది.

100 గంటల్లో అంచు 500 మీటర్లు చేరిందనుకోండి. దూరపు వర్గాన్ని 12.57తోనూ (అంటే నాలుగు పైలు), 3,60,000 సెకన్లతోనూ భాగిస్తే సెకనుకు 0.055 చదరపు మీటర్లు. అది డిఫ్యూజివిటీ, అంటే రాతిలో ఒత్తిడి ఎంత చురుగ్గా పాకుతుందో చెప్పే కొలత. ఫ్రాన్సులోని సుల్‌త్స్ గ్రానైట్‌లో 1993 ప్రయోగం కూడా ఇంచుమించు ఇంతే చెప్పింది. దీన్ని 150 డిగ్రీల నీటి స్నిగ్ధత (చిక్కదనం) 0.0002 పాస్కల్-సెకన్లతో గుణించి, రాయీ నీరూ కలిసిన మాడ్యులస్ (నొక్కితే లొంగని బిగువు) 1.7×10¹¹ పాస్కల్స్‌తో భాగిస్తే పారగమ్యత 6.5×10⁻¹⁷ చదరపు మీటర్లు. తమరికి 650 రెట్లు!

అలాగని కంపాలేమీ సత్యహరిశ్చంద్రులు కావు. 500 మీటర్ల దూరాన్ని 600 అని గుర్తిస్తే జవాబు 44 శాతం ఉబ్బుతుంది, లెక్కలో ఉన్నది దూరపు వర్గం మరి. మాడ్యులస్ సగం అంచనా, రంధ్రాల శాతం మారితే అదీ మారుతుంది. కంపాల చుక్కల మేఘం గుండ్రంగా కాక ఒకవైపు సాగితే ఒక్క సంఖ్యకు అర్థమే లేదు, దిక్కుకొకటి కావాలి. నీటి ఒత్తిడి రాతిలోని కనిష్ఠ ఒత్తిడిని దాటితే మనం పారగమ్యతను కొలవడం లేదు, తయారు చేస్తున్నాం. చప్పుడు లేకుండా నీళ్ళు పోనిచ్చే పగుళ్ళు ఈ పద్ధతికి కనబడనే కనబడవు.

పంపు ఆపగానే పుస్తకం మూయడం ఇంకో తప్పు. అమెరికాలోని డెన్వర్ దగ్గర వ్యర్థజలాన్ని ఎక్కించడం 1966 ఫిబ్రవరిలో ఆపారు. పెద్ద కంపాలు 1967లో వచ్చాయి. 2006 డిసెంబరులో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో అయితే బావి ఆపిన కొన్ని గంటలకే 3.4 తీవ్రత. ఆపాక బావి చుట్టూ కంపాలు ఆగిన నిశ్శబ్దం ఎంత వేగంగా విస్తరిస్తుందో చూస్తే డిఫ్యూజివిటీని మరోసారి లెక్కగట్టవచ్చు.

కనుక తమరి ధ్రువపత్రాన్ని చింపబోము. దాని మీద "పగుళ్ళు లేని రాయికి మాత్రమే" అని ఎర్రసిరాతో రాయదలిచాం. అభ్యంతరముంటే పదిహేను రోజుల్లోగా లిఖితపూర్వకంగా తెలియజేయగలరు.

ఇట్లు,
రంపం కింద విరిగిపోయిన ముక్కల తరఫున