రెండో గీత పడ్డాక దిక్కెవరు?

మలంలో కంటికి కనిపించని రక్తాన్ని ఇంట్లోనే పట్టిచ్చే కిట్లు ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఎవరైనా తెప్పించుకోవచ్చు. ఒడిశాలోని బరంపురం, రాయగడ, పర్లాకిమిడి వాసులకూ అవి అందుబాటులోకి వచ్చాయి. పెద్దపేగు క్యాన్సర్‌ను తొలిదశలోనే పసిగట్టే మార్గంగా వీటిని ఊరూరా పంచాలనే వారూ ఉన్నారు. పంచే ముందు మా ప్రశ్న ఒక్కటే. కిట్టు మీద రెండో గీత పడితే మలంలో రక్తం ఉన్నట్టు. అది పడ్డాక ఆ మనిషిని చూసేదెవరు?

పరీక్షతో మాకు పేచీ లేదు. పుల్ల కొనను మలంలో కొన్ని చోట్ల గుచ్చి, సీసాలోని ద్రవంలో కలిపి, రెండు మూడు చుక్కలు పట్టీ మీద వేస్తే నిమిషాల్లో ఫలితం తెలుస్తుంది. మనిషి రక్తంలోని గ్లోబిన్ అనే ప్రోటీన్‌నే గుర్తిస్తుంది కనుక పాత పద్ధతిలోలా మాంసం మానాల్సిన పనిలేదు. ఇంగ్లండ్‌లో 50 నుంచి 74 ఏళ్ల వారికి రెండేళ్లకోసారి ప్రభుత్వమే కిట్టు పంపుతోంది. అయితే అక్కడ నమూనా ల్యాబుకు తిరిగి వెళుతుంది, తేడా ఉంటే తదుపరి పరీక్షకు పిలుపు వస్తుంది. ఇక్కడ పిలిచేదెవరు?

రెండు గీతలు పడితే క్యాన్సర్ అని అర్థం కాదు. మొలలు కావచ్చు, పుండు కావచ్చు, తీసేస్తే పోయే పాలిప్ (పేగు లోపలి గోడ మీద పెరిగే చిన్న కండ) కావచ్చు. తేల్చేది కొలనోస్కోపీ, అంటే మలద్వారం గుండా కెమెరా గొట్టం పంపి పెద్దపేగును చూసే పరీక్ష. గుణుపురంలో ఓ కూలీకి రెండు గీతలు పడ్డాయనుకుందాం. బరంపురం వెళ్లాలా, విశాఖ రైలెక్కాలా? కూలి పోగొట్టుకుని, తోడు మనిషిని వెంటబెట్టుకుని వెళితే ఆ పరీక్ష ఖర్చు ఎవరిది? ఆయుష్మాన్ కార్డు ఆసుపత్రిలో చేరకుండా చేయించుకునే ఓపీ ఖర్చులకు పనికిరాదు. దిక్కుతోచక ఇంకో కిట్టు కొంటాడు. ఈసారి ఒక్క గీతే పడితే గండం గడిచిందనుకుంటాడు. పేగులోని గడ్డ రోజూ రక్తం కార్చదు. ఒకసారి రక్తం కనిపించాక మళ్లీ కిట్టుతో సరిచూసుకోవడం కాదు, నేరుగా కొలనోస్కోపీకి వెళ్లాలి. ఆ మాట అతనికి తెలుగులోనో ఒడియాలోనో చెప్పినవారే ఉండరు.

పైగా ఇలాంటి కిట్లు చాలావరకు 30 డిగ్రీల లోపు ఉంచాల్సినవి. మన వేసవిలో రేకుల కప్పు కింద వారాల తరబడి పడి ఉన్న కిట్టు ఒక్క గీతే చూపితే దాన్ని నమ్మేదెలా?

ఏమీ లేనిదానికన్నా ఇదైనా మేలు కదా అంటారు కొందరు. ఇలాంటి పరీక్షలో రక్తం తేలాక కొలనోస్కోపీ పది నెలలు దాటి ఆలస్యమైన వారిలో క్యాన్సర్, అందులోనూ ముదిరిన క్యాన్సర్ ముప్పు ఎక్కువని అమెరికాలో 2017లో వెలువడిన పెద్ద అధ్యయనం తేల్చింది. ఆలస్యానికే ఇంత మూల్యమైతే, దారే చూపకపోవడాన్ని మేలు అనలేం.

2016 నాటి కేంద్ర మార్గదర్శకాలు 30 ఏళ్లు దాటినవారికి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల పరీక్షలు చేయమన్నాయి. పెద్దపేగు వాటిలో లేదు. ఇంట్లో తేలిన ఫలితాన్ని నమోదు చేసి వెంటపడే బాధ్యత ఎవరిదీ కాకుండా పోయింది. కిట్టుతో పని ముగిసిందనుకునే అలవాటు ఒకసారి పడితే రేపు ప్రతి జబ్బుకూ ఇదే పద్ధతి అవుతుంది.

ఒడిశా ఆరోగ్యశాఖ ముందుగా సరిహద్దు జిల్లాల ఆసుపత్రుల్లో కొలనోస్కోపీకి యంత్రం, వైద్యుడు, తేదీ చూపాలి. కిట్లు పంచాలనుకునే సంస్థలు ప్రతి రెండో గీతకూ పరీక్ష ఖర్చు, దారి ఖర్చు తామే భరిస్తామని రాసివ్వాలి. అది చేతకానివారు పేదల గడప తొక్కవద్దు.