గడప తొక్కగానే ఊడ్చేసే డబ్ల్యూ మోడ్ గారికి

మహారాజశ్రీ డబ్ల్యూ మోడ్ గారి సముఖమునకు,

ఇక్కడ మేం క్షేమం. ఫైలు సున్నా బైట్లు.

పైథాన్, సి లాంటి భాషల్లో ఫైలు తెరిచేటప్పుడు ‘ఇది రాయడానికి’ అని చెప్పే w అక్షరం తమరే కదా. మిమ్మల్ని పిలిచింది రాయడానికి. తమరేమో గడప తొక్కగానే ఉన్నదంతా ఊడ్చేస్తారు. ఒక్క అక్షరం రాయకముందే, ఓపెన్ పూర్తయ్యేసరికే నిడివి సున్నా. ఆ తర్వాతి లైన్లో ప్రోగ్రాం కూలిందా, పాతదీ లేదు, కొత్తదీ లేదు. రెంటికీ చెడ్డ రేవడి. చదవడానికి తెరిచే ఆర్ మోడ్ గారు నయం, ఫైలు లేకపోతే లేదని మొహం మీదే చెబుతారు. మీరు మాత్రం పేరులో అక్షరం తప్పు పడినా కిమ్మనకుండా ఆ తప్పు పేరుతోనే కొత్త ఫైలు పుట్టించి పెడతారు.

కమాండ్లు టైపు చేసే షెల్‌లోనూ మీ వాలకం ఇదే. లైన్లను వరసపెట్టే సార్ట్ కమాండ్‌కి ఒక ఫైలిచ్చి, ఫలితాన్ని గ్రేటర్ దాన్ గుర్తు (>)తో అదే ఫైల్లోకి మళ్లిస్తే, సార్ట్ మొదలవకముందే షెల్ దాన్ని ఖాళీ చేస్తుంది. పాపం సార్ట్, ఆ శూన్యాన్నే శ్రద్ధగా వరసపెడుతుంది. ఫలితాన్ని అదే ఫైల్లో భద్రంగా రాయించే మైనస్ ఓ (-o) ఆప్షన్ దానికి ఉన్నది ఇందుకే.

మీ తమ్ముడు డబ్ల్యూ ప్లస్ (w+) మోడ్‌కి చదవడం కూడా వచ్చట. ఊడ్చాక చదవడానికేముంది? చదవడం, రాయడం రెండూ చేసే ఆర్ ప్లస్ (r+) ఊడవదు గానీ దాని జబ్బు వేరు: 100 బైట్ల పాత ఫైలు మీద మొదటినుంచి 60 రాస్తే, వెనక 40 తోకలా వేలాడతాయి. జేసన్ (JSON) అనే డేటా ఫైలైతే, దాన్ని చదివి విడదీసే పార్సర్ ఆ తోక దగ్గరే గొడవకు దిగుతుంది. రాశాక ట్రంకేట్ చేస్తేగానీ, అంటే ఆ తోక కత్తిరిస్తేగానీ వదలదు.

పైగా మీరు రాశానన్నది చాలాసార్లు బఫర్లోనే, అంటే మెమరీలోని తాత్కాలిక చోటులోనే ఉంటుంది. ఫ్లష్ చేస్తే ఆపరేటింగ్ సిస్టమ్ దాకా వెళ్తుంది, డిస్కు చేరాలంటే ఎఫ్‌సింక్ కావాలి. డిస్కు నిండిన కబురు ఒక్కోసారి మూసేటప్పుడుగానీ బయటపడదు. సి భాషలో ఫైలు మూసే ఎఫ్‌క్లోజ్ ఇచ్చే విలువను చూడనివాళ్లకు అదీ తెలియదు.

అందుకని మీ కొలువు తీసేయడం లేదు, చోటు మారుస్తున్నాం. ఇకమీదట అసలు ఫైలు మీ చేతికివ్వం. పక్కనే ఓ తాత్కాలిక ఫైలిస్తాం, దాన్ని తృప్తిగా ఊడ్చుకోండి. రాయడం, ఫ్లష్, ఎఫ్‌సింక్, క్లోజ్ అయ్యాక పైథాన్‌లో ఓఎస్ డాట్ రీప్లేస్ (os.replace)తో దాని పేరు అసలు ఫైలు పేరుకి మారుస్తాం. చదివేవాళ్లకు పాతది పూర్తిగానో కొత్తది పూర్తిగానో దొరుకుతుంది, సగం సగం కాదు. తాత్కాలిక ఫైలు అదే డైరెక్టరీలో ఉండాలి, ఫైల్‌సిస్టమ్ వేరైతే ఆ పేరు మార్పు కుదరదు. పాత ఫైలు పర్మిషన్లు (ఎవరు చదవొచ్చు, ఎవరు రాయొచ్చు అన్నవి) మాత్రం మేమే చూసుకోవాలి, అవి వాటంతటవి రావు. కొత్త ఫైలే కావలసినచోట ఎక్స్ (x) మోడ్‌ని పిలుస్తాం. పైథాన్ 3.3 నుంచి ఉన్నారాయన. ఆ పేరుతో ఫైలు ముందే ఉంటే ముట్టుకోరు, ఎర్రరిస్తారు.

ఇట్లు,
సున్నా బైట్ల బాధితులు

తా.క. పైథాన్ 3.14 దాకా, ఎన్‌కోడింగ్ (అక్షరాలను బైట్లుగా మార్చే పద్ధతి) యూటీఎఫ్-8 అని చెప్పకుండా విండోస్‌లో తెలుగు రాయబోతే, కోడ్‌పేజీ అనే పాత అక్షరాల పట్టికలో మన అక్షరం లేక యూనికోడ్ ఎన్‌కోడ్ ఎర్రర్ వస్తుంది. రాయలేకపోయారు సరే, ఊడవడం మాత్రం అప్పటికే పూర్తి చేసి ఉంటారు.