అలకపాన్పు దిగని స్మార్ట్ తాళం గారికి

మహారాజశ్రీ స్మార్ట్ తాళం గారి దివ్యసముఖానికి,

ఉభయకుశలోపరి. ఇక్కడ తలుపు క్షేమం, ద్వారబంధం క్షేమం, గడప పసుపు కుంకుమలతో కళకళలాడుతోంది. తమరొక్కరే కొత్తల్లుడిలా అయినదానికీ కానిదానికీ అలుగుతున్నారని తెలిసి, ఆ అలక ఎలా తీర్చాలో మనవి చేసుకుందామని ఈ ఉత్తరం.

ముందు భోజనం సంగతి. తమకు నాలుగు డబుల్ ఏ సెల్లులు వడ్డించాలి, కొన్ని మోడళ్ళకైతే ఎనిమిది. అవీ ఆల్కలైన్‌వే కావాలి. గోడ గడియారానికని కిరాణా కొట్లో తెచ్చే జింక్ కార్బన్ సెల్లులు తమకు అరగవు. ముల్లు తిప్పడానికి సరిపోయే కరెంటు, మోటారుతో గడియ నెట్టడానికి చాలదు. నెట్టే క్షణంలో వోల్టేజి పడిపోతుంది, తమరు కళ్ళు తేలేస్తారు. పోనీ పొదుపుగా ఉంటుందని రీఛార్జి సెల్లులు పెడితే, అవి 1.2 వోల్టులవి. 1.5 వోల్టుల ఆల్కలైన్‌కు అలవాటుపడ్డ తమ లెక్కలో అది సగం కడుపు. నిండు విస్తరి ముందు కూర్చుని ఆకలని కూతపెడతారు. లిథియం సెల్లులు పెడితే దీనికి తలకిందులు. వాటి వోల్టేజి దాదాపు చివరిదాకా తగ్గదు కాబట్టి, తమరు 'చాలు చాలు' అంటూనే ఉండి ఒకపూట చెప్పాపెట్టకుండా మూగబోతారు. పాతవి రెండు, కొత్తవి రెండు కలిపి వడ్డిస్తే పాతవి కారి తమ కడుపు తుప్పు పడుతుంది. మారిస్తే అన్నీ ఒకేసారి మార్చాలట. అల్లుడికి పెట్టే బట్టల్లో కూడా ఇన్ని పట్టింపులుండవు.

ఇక తమ ముఖారవిందం. నల్లటి అద్దం, నీలిరంగు అంకెలు, చూడముచ్చటే. కాని రోజూ అవే నాలుగు అంకెలు నొక్కితే అవే నాలుగు చోట్ల జిడ్డు పేరుకుంటుంది. నాలుగంకెల నంబరుకు 10,000 అవకాశాలున్నాయని తమ డబ్బా మీద గొప్పగా ఉంటుంది. నాలుగు మరకలు చూసినవాడికి మిగిలేవి 24. తమాషా ఏమిటంటే, మూడు మరకలే ఉంటే, అంటే ఒక అంకె రెండుసార్లు వాడితే, 36 అవుతాయి. ఆరు వేరు వేరు అంకెలకైతే 720. ఇంటాయన పుట్టిన సంవత్సరం పెడితే మాత్రం ఈ లెక్కలేవీ అక్కర్లేదు, మొదటి రెండంకెలు దొంగకు తెలిసినట్టే. అసలు నంబరుకు ముందూ వెనకా తోచిన దొంగ అంకెలు కలిపి కొట్టినా తెరిచే విద్య తమలో చాలామందికి ఉంది. కాని ఇంట్లో ఎవరికీ తెలియదు, ఆ పుస్తకం డబ్బాతోపాటే అటకెక్కింది. డబ్బాలోంచి వచ్చినప్పటి 123456ను మార్చనివాళ్ళ గురించి ఏం చెప్పమంటారు!

వేలిముద్ర దగ్గర తమ గీర మరీ ఎక్కువ. అంట్లు తోమిన తడిచేయి తమకు పనికిరాదు. గోరింటాకు ముద్ద పెట్టుకున్న చేయి పనికిరాదు. డెబ్బై ఏళ్ళ తాతయ్య వేలి మీద గీతలు అరిగిపోయాయని ఆయన్ను గడప బయటే నిలబెడతారు. అదే వేలిని రెండు మూడు స్థానాల్లో, కాస్త పక్కకు తిప్పి కూడా నమోదు చేస్తే, రెండో చేతి వేలొకటి అదనంగా ఇస్తే తమరు కొంత మెత్తబడతారు.

అసలు గొడవ తలుపుతో. తమరొచ్చింది టేకు తలుపు ఇంటికి. దాని మీద ఉబ్బెత్తుగా లక్ష్మీదేవి చెక్కడం, ఇత్తడి పువ్వులు. తమకేమో చదునైన పక్కచెక్క కావాలి, మందం సాధారణంగా 35 నుంచి 55 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. అంతకు మించితే పొడుగు కడ్డీ, పొడుగు మరలు విడిగా తెప్పించాలి. ఇది కొలవకుండా తమను ఇంటికి తెచ్చేవాళ్ళే ఎక్కువ. రెండు రెక్కల తలుపైతే మరీ పరిహాసం. తమ ఉక్కు గడియ వెళ్ళి దూరేది రెండో రెక్కలో. ఆ రెక్కను పట్టుకుని ఉన్నది పైనొకటి, కిందొకటి ఉన్న పాతకాలపు గడియలు. అవి వేయడం మరిచిపోతే ఒక్క తోపుకి రెండు రెక్కలూ కలిసి తెరుచుకుంటాయి. మధ్యలో తమరు గట్టిగా తాళం వేసుకునే ఉంటారు.

శ్రావణం వచ్చిందా, చెక్క తేమ పీల్చి ఉబ్బుతుంది. మడతబందుల మరలు వదులైతే తలుపు కిందికి జారుతుంది. గడియ మొన, ద్వారబంధానికి బిగించిన లోహపు పలక (స్ట్రైకర్ ప్లేటు) రంధ్రంలోకి పోకుండా అంచుకు కొట్టుకుంటుంది, మోటారు మూలుగుతుంది, మళ్ళీ నెడుతుంది, మళ్ళీ మూలుగుతుంది. నెలల తరబడి రావలసిన సెల్లులు వారాల్లో అయిపోతాయి. ఇంట్లోవాళ్ళు తాళం పాడైందని కంపెనీకి ఫోన్ చేస్తారు. తలుపు బార్లా తెరిచిపెట్టి నంబరు కొట్టి చూస్తే తేలిపోతుంది: గాలిలో గడియ హాయిగా ఆడి, తలుపు మూసినప్పుడే మొరాయిస్తే తప్పు తమది కాదు, తలుపుది. గడియ మొనకు తడి కుంకుమ రాసి, తలుపు మూసి గడియ నెట్టిస్తే ఎక్కడ తగులుతోందో బొట్టు పెట్టినట్టు కనబడుతుంది. మరలు బిగించి, పలక రంధ్రాన్ని ఆ పక్కన ఆకురాయితో ఒకటి రెండు మిల్లీమీటర్లు రాస్తే చాలు. తలుపు అంచు చిత్రిక పట్టించడం ఆఖరి మాట, ఎండాకాలం వచ్చేసరికి అక్కడ సందు పడుతుంది. వేల రూపాయల తమ తెలివి చివరికి వడ్రంగి చేతిలో ఉందన్నమాట.

తలుపు మూసిన ఐదు సెకన్లకు తమంతట తామే తాళం వేసుకునే గుణం ఒకటుంది. పొద్దున్నే ముగ్గుచిప్పతో వాకిట్లోకి వెళ్ళిన ఇల్లాలి చేతిలో ఫోన్ ఉండదు, వేళ్ళ నిండా పిండి. ఐదుసార్లు తప్పితే కాసేపు ముఖం తిప్పేసుకుంటారు, సొంత మనిషైనా సరే. ఆ ఐదు సెకన్లను ముప్పైకో అరవైకో పెంచే వీలు ఆప్‌లో ఉంటుంది. ఆప్ ఇంటాయన ఫోన్‌లో ఉంటుంది. ఇంటాయన నిద్రలో ఉంటారు.

తమ తోడల్లుడు వీడియో డోర్‌బెల్ గారిని అడిగామని చెప్పండి. ఆయనకు ఎక్కువగా 2.4 గిగాహెర్ట్జ్ వైఫైయే పడుతుంది. రూటరేమో మూడు గోడల అవతల పడగ్గదిలో. కరెంటు పోతే ఆయన బ్యాటరీ మీద మెలకువగానే ఉంటారు, రూటర్ చచ్చిపోతుంది. రూటర్‌నీ, ఫైబర్ పెట్టెనీ రెండిటినీ ఇన్వర్టర్‌కు కలపాలని ఎవరికీ తోచదు. వైరు మీద బతికే రకమైతే చాలావాటికి 16 నుంచి 24 వోల్టులు చాలు. మన పాత కాలింగ్ బెల్ వైర్లలో ఉండేది 230. మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా కలిపితే ఆయన జీవితంలో అదే మొదటి పొగ, అదే చివరిది.

ఆయన కళ్ళకు పండగొస్తే పిచ్చెక్కుతుంది. మామిడి తోరణం ఊగితే మనిషొచ్చాడంటాడు, దిష్టికి కట్టిన నిమ్మకాయ మిరపకాయలు ఊగినా అంతే. విజయవాడ ఇంటి ఆప్ డాలస్‌లోని కొడుకు ఫోన్‌లో ఉంటుంది కదా. వేసవిలో ఇక్కడ మధ్యాహ్నం రెండున్నరకు తోరణం కదిలితే అక్కడ తెల్లవారుజామున నాలుగింటికి ఫోన్ మోగుతుంది. రాత్రి గ్రిల్లు చువ్వలో పక్క గోడో మరీ దగ్గరుంటే, ఆయన ఇన్‌ఫ్రారెడ్ వెలుగు ఆయన ముఖానికే కొట్టి దొంగ తెల్లటి మంచులో దేవదూతలా పడతాడు.

పైగా ఎదురు ఫ్లాట్ వాళ్ళ గుమ్మం మీద కన్నూ, వాళ్ళ మాటల మీద చెవీ. 2021లో ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్ కౌంటీ కోర్టు ఇలాంటి కెమెరాల వ్యవహారంలో పొరుగావిడ పక్షాన తీర్పిస్తూ, దృశ్యం కంటే శబ్దం రికార్డు చేయడాన్నే మరింత తప్పుపట్టింది. 2023లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్, వినియోగదారుల ప్రైవేటు వీడియోలు ఉద్యోగులు, కాంట్రాక్టర్లు చూసే వీలుంచారని, డోర్‌బెల్ కెమెరాలు చేసే రింగ్ కంపెనీ మీద ఆరోపణ చేస్తే, 58 లక్షల డాలర్లకు ఆ కేసు పరిష్కారమైంది. మైకు ఆపేసే మీట, ఎదురు గుమ్మం కనబడకుండా నల్లతెర కప్పే సదుపాయం చాలా డోర్‌బెల్‌ల ఆప్‌లలో ఉన్నాయి. ఎదురింటివాళ్ళు పోట్లాటకు వచ్చాకే అవి కనబడతాయి.

ఇంతా చేసి సంక్రాంతికి ఊరెళ్ళేటప్పుడు ఇంటివాళ్ళు తమను నమ్మరు. బయటి ఇనుప గ్రిల్లుకు ఏడు లివర్ల ఇత్తడి తాళంకప్ప వేసి, మూడుసార్లు లాగి చూసి, చెవి మొలతాడుకు కట్టుకుని బస్సెక్కుతారు. చువ్వల వెనక తమరు నీలంగా మెరుస్తూ ఉంటారు.

ఇట్లు,
గడప ఇవతల నిలబడ్డవాళ్ళు

తా.క. తమరు పూర్తిగా సొమ్మసిల్లినా, అడుగున ఉండే రెండు లోహపు బుడిపెలకు 9 వోల్టుల బ్యాటరీ ఆనించి నంబరు కొడితే లేస్తారని తెలుసు. కొత్త మోడళ్ళకు టైప్ సి కేబుల్, పవర్ బ్యాంకు. ఆ బ్యాటరీ, తమతో వచ్చిన అసలు తాళంచెవి రెండూ ప్రస్తుతం తమ వెనకాల హాల్లో, టీవీ కింది సొరుగులో భద్రంగా ఉన్నాయి.