"పురుగుమందు మానేస్తే శ్రీలంక గతే" అంటున్నవాళ్ళకి

"పురుగుమందులు మానేస్తే పంట సగం పోద్ది, శ్రీలంకని చూడండి, కషాయాలకి పురుగు చావదు, ఇదంతా పొలం మొహం చూడనోళ్ళు చెప్పే మాట" అని ఒక మెసేజ్ రైతు గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. చూసి ఊరుకోలేకపోయాను.

ముందు శ్రీలంక సంగతి. అక్కడ 2021లో యూరియా దగ్గర్నుంచి పురుగుమందు, కలుపుమందు దాకా అన్నిటి దిగుమతి ఒక్కసారే ఆపేశారు, రైతుకి నేర్పిందీ లేదు, సరిపడా సేంద్రియ ఎరువు ఇచ్చిందీ లేదు, నవంబర్‌కల్లా వెనక్కి తగ్గారు. వరికి నత్రజని అందకపోతే దిగుబడి పడదా మరి? దాన్ని తెచ్చి పురుగుమందుకి అంటగడితే ఎలా? ఒట్టి పురుగుమందు సంగతే కావాలంటే ఇండోనేషియాని చూడండి. వరి రసం పీల్చే సుడిదోమ పంటని ముంచేస్తుంటే 1986లో 57 రకాల మందులు వరిలో వాడొద్దన్నారు, 1989కల్లా మందుల సబ్సిడీ తీసేశారు, పొలంబడులు పెట్టి రైతులకి నేర్పారు. వరి ఉత్పత్తేం పడిపోలేదు. ఎందుకంటే దోమని తినే సాలీళ్ళు, మిరిడ్ నల్లులు ఆ మందులకి చచ్చేవి, దోమ గుడ్లేమో ఆకు తొడుగులో భద్రంగా ఉండేవి, అందుకే కొట్టేకొద్దీ దోమ ఎక్కువయ్యేది.

మందు కొడితేనే పురుగు పోద్దంటారా, 2021లో మిరపకి కొత్త రకం తామర పురుగు వచ్చినప్పుడు గుంటూరు, ఖమ్మం, వరంగల్ వైపు రైతులు మార్చి మార్చి కొట్టినా పూత నిలవక తోటలు పీకేసుకున్నారు కదా.

కషాయం మాటకొస్తే, 5 శాతం వేప గింజల కషాయం గుడ్ల మీద, పిల్ల పురుగు మీద పనిచేస్తుంది, లద్దె పురుగు ముదిరాక కొట్టి పనిచేయలేదంటే తప్పు కషాయానిది కాదు. పైగా అదొక్కటే కాదుగా, పురుగుని తమవైపు లాగే ఆముదం, బంతి లాంటి ఎర పంటలు, ఆడ పురుగు వాసనతో మగ రెక్కల పురుగుల్ని పట్టే లింగాకర్షక బుట్టలు, జిగురు అట్టలు, వరిలో 2 మీటర్లకోసారి కాలిబాట, ఇవన్నీ కలిస్తేనే ఫలితం.

పొలం తెలియనోళ్ళ మాటట! ఖమ్మం వైపు పునుకుల ఊరు పత్తి, మిరప వేస్తూనే 2000ల మొదట్లో పురుగుమందు మానేసింది, అక్కడ ముందు నిలబడింది మహిళా సంఘాలు, వేప గింజల పొడి కొట్టి అమ్మింది కూడా వాళ్ళే.

రేపే డబ్బా పారేయమని ఎవరూ అనట్లేదు. పత్తిలో గులాబి పురుగుకి లింగాకర్షక బుట్టలో రోజుకి 8 రెక్కల పురుగులు వరసగా 3 రోజులు పడితే అప్పుడు మందు గురించి ఆలోచించమంటారు. ఉద్దెరకి మందు ఇచ్చే షాపాయనే ఏది ఎన్నిసార్లు కొట్టాలో కూడా చెప్తుంటే ఆ లెక్క ఎవరు చూస్తారు? అందుకే ఊరికో బుట్ట చూసే మనిషి కావాలి, ఆ పని వ్యవసాయ శాఖని అడగండి.